క్యూకఱ్ఱలోని చారలు

కొయ్యను చేతితో పరీక్షించుట మన స్త్రీలకు క్రొత్త విద్య గాదు. కవ్వము కొనునప్పుడు దాని కాడను అరచేతుల నడుమ నుంచి ఒకమాఱు త్రిప్పి చూతుము. వంకర యున్నచో కంటికంటె ముందు చేతికే తెలియును. రోకలిని ఎత్తి దించి చూచి, ఇది బరువు, ఇది తేలిక యనుటతో నాగక, ఇది దెబ్బను భుజమునకు ఎక్కించునది, ఇది దెబ్బను తనలోనే యడచుకొనునది యని కూడ నిర్ణయింతుము. తెడ్డు, పప్పుగుత్తి, అప్పడాల కఱ్ఱ మొదలగువాని యన్నింటి యెడలను మన చేతికి ఒక యభిప్రాయము గలదు. దానికి కారణమేమని అడిగినచో మాత్రము మనము చెప్పలేము. వడ్రంగి చెప్పగలడు. కొయ్యలోపలి నార యే దిక్కునకు సాగినదో, ఆ దిక్కునుబట్టి వస్తువు చేతిలో మెలగునని అతడనును.

నేనిపుడు వ్రాయబూనినది ఇంటి వస్తువును గూర్చి గాదు. స్నూకరు ఆటయందు బంతిని పొడుచు కఱ్ఱను గూర్చి. దానిని క్యూ అందురు. "క్లబ్బులలో పురుషులు ప్రొద్దుపుచ్చు ఆటతో గృహిణుల కేమి పని?" యని పుట త్రిప్పివేయబోవు సోదరి ఒక్క నిమిషము తాళవలెను. ఈ యాటను నేడు బాలికలును ఆడుచున్నారు. వారికి కఱ్ఱ కొనిపెట్టువారు తల్లిదండ్రులు. ఆ కఱ్ఱ వెల వేలతో లెక్క. వేలు పోసి కొను వస్తువును అంగడివాని మాటమీదనే కొనవలసిన యవసరము మనకు లేదు.

ఇది విదేశపు ఆట యని అనేకులు తలంతురు గాని పుట్టినది మన దేశముననే. 1875వ సంవత్సరమున జబల్పూరులోని సైనికాధికారుల భోజనశాలలో, వానకాలమున బయటికి పోవ వీలులేక బిలియర్డ్సు బల్ల చుట్టును చేరిన యువకులలో నెవిల్ చాంబర్లేను అనునతడు రంగుబంతులను చేర్చి దీనిని కల్పించెనని చెప్పుదురు. తరువాత ఇంగ్లండునకు ప్రధానమంత్రియైన చాంబర్లేను వేఱు, ఇతడు వేఱు. సైనిక విద్యాలయమున క్రొత్తగా చేరిన కుఱ్ఱవానిని వారు "స్నూకర్" అని యెగతాళి చేసెడివారట. ఆ పేరే ఆటకు నిలిచెను. 1882 ప్రాంతమున ఉదకమండలము క్లబ్బులో దీని నియమములను వ్రాసి గోడకు తగిలించిరి. ఆ దినములలో ఉదకమండలమును, మన కోస్తా జిల్లాలును, రాయలసీమయు ఒక్క మద్రాసు రాజధానిలోనివే గనుక, ఈ యాట మన పెరటిలోనే నియమములు నేర్చుకొన్నదని చెప్పుకొన్నను అతిశయోక్తి గాదు.

ఆటను గూర్చి రెండు మాటలు చాలును. సుమారు పండ్రెండడుగుల నిడివియు ఆఱడుగుల వెడల్పును గల బల్లపై పచ్చని గుడ్డ పఱచి యుండును. ఎఱ్ఱబంతులు 15, ఇతర రంగులవి 6, తెల్లనిది ఒకటి. కఱ్ఱ తాకవలసినది తెల్లబంతిని మాత్రమే. ఆ తెల్లబంతి తక్కినవానిని తాకి బల్ల అంచులందలి సంచులలో పడవేయవలెను. బంతి అడ్డుకొలత 52.5 మిల్లీమీటర్లు. దానిని పన్నెండడుగుల దూరము పంపి, చిన్న సంచినోటిలో పడవేయుటకు మొనవద్ద వెండ్రుకవాసి తప్పినను చాలును, అచ్చట జానెడు తప్పిపోవును. 2017వ సంవత్సరమున సింగపూరునందు జరిగిన స్త్రీల ప్రపంచపు పోటీలో మన దేశపు విద్యా పిళ్లై తుదియాటవఱకు వచ్చి, హాంకాంగు వనిత ఇంగ్ ఆన్ యీ చేతిలో 6-5 లెక్కను ఓడినది. ఒక్క ఆటలో చేజాఱిన ఆ బిరుదు మాట విన్నది మొదలు మా చెల్లెలి కుమార్తెకు ఈ పిచ్చి పట్టినది.

ఆ పిల్ల విశాఖపట్టణమున కళాశాలలో చదువుచున్నది. రెండేండ్లు అక్కడి యాటశాలలో గోడకు నిలబెట్టి యుంచిన ఉమ్మడి కఱ్ఱలతో ఆడి, రాష్ట్రపు పోటీకి పేరిచ్చుటకు అర్హత సంపాదించెను. సొంత కఱ్ఱ కావలసివచ్చినది. మా చెల్లెలు చీటీ పాడిన సొమ్ములో ముప్పదివేల రూపాయలు ఇందులకై విడిచిపెట్టెను. అంగడిలో రెండు కఱ్ఱలు చూపిరి. ఒకటి పదునొకండువేలు, రెండవది ఇరువదియెనిమిదివేలు. "ఏమి భేద"మని యడుగగా, రెండవదానిపై బాణపు గుర్తులవంటి చారలు మెండుగా నున్నవనియు, చారలు ఎంత ఎక్కువగా, ఎంత దగ్గఱగా నున్న ఆట అంత చక్కగా సాగుననియు అంగడివాడు సెలవిచ్చెనట. పిల్లకు ఆ చారలపై మనసు పడినది. తండ్రికి కోపము వచ్చినది. "ఆడపిల్ల కఱ్ఱకు ముప్పదివేలా?" యని అతని తల్లి యొకవైపు. కఱ్ఱ కొనినచో పోటీ జరుగు ఊరికి పోవుటకు చేతిలో పైకము మిగులదని మా చెల్లెలి దిగులు మఱియొకవైపు. తుదకు "అక్కా, మీ యింట శాస్త్రము చదివిన బావగారున్నారు గదా, ఆ చారలలో ఏమున్నదో చెప్పుడు" అని నాకు వ్రాసెను.

మా వారు పాఠశాలలో పదార్థవిజ్ఞానము బోధింతురు. కొయ్యను గూర్చి వారికి తెలిసినది పుస్తకములలోనిది. అందుచేత సెలవులకు విశాఖ పోయినప్పుడు, ఆ యాటశాలలో బల్లలకు గుడ్డ మార్చుచు కఱ్ఱల కొనలకు తోలుబిళ్లలు అతికించు ఒక వృద్ధ పనివానియొద్ద ఇరువురమును ఒక పూట కూర్చుంటిమి. ఆయన నలువది యేండ్లుగా ఆ పనియందే యున్నవాడు. ఈ క్రింద వ్రాయునది కొంత ఆయన చూపినది, కొంత మా వారు లెక్క గట్టినది.

మంచి స్నూకరు కఱ్ఱలు రెండు జాతుల కొయ్యతో చేయుదురు. ఒకటి యాష్, రెండవది మేపుల్. రెండును చలిదేశపు చెట్లు. ఇంగ్లండు ఆటగాండ్రు తరతరములుగా యాషును మెచ్చుకొనిరి. అమెరికాలోని పూల్ ఆటకఱ్ఱలు మేపులుతో చేయబడును. కఱ్ఱ పొడవు సాధారణముగా 57 లేక 58 అంగుళములు. బరువు అర కిలోగ్రాము ప్రాంతము. మొనవద్ద అడ్డుకొలత తొమ్మిదిన్నర మిల్లీమీటర్లుండి, పట్టుకొను మొదటివద్దకు వచ్చుసరికి 29 మిల్లీమీటర్ల వఱకు లావగును. ఈ సన్నము నుండి లావునకు సాగు వాలే చారల రహస్యము.

చెట్టు ఏటేట ఒక పొర వేయునని మన మెఱుగుదుము. యాష్ చెట్టు వసంతమున నీరు త్రాగుటకై పెద్ద పెద్ద గొట్టములు గల మెత్తని కొయ్యను వేయును. వేసవిలో చిక్కని గట్టికొయ్య వేయును. కోసి నునుపు చేసినప్పుడు వసంతపు కొయ్యలోని గొట్టములు తెఱుచుకొని నల్లని గీతలవలె కనుపడును. మేపుల్ కొయ్యలో గొట్టములు చిన్నవి, పొర యంతటను సమముగా చల్లబడి యుండును. అందుచేత దానిపై చార లున్నవో లేవో యనునంత పలుచన.

ఇక బాణములు. లావాటి పుస్తకమును మూసి దాని అంచును చాకుతో వాలుగా చెక్కినట్లు భావింపుడు. ఒక్కొక్క కాగితము అంచు ఒక్కొక్క గీతయై మెట్లు మెట్లుగా బయటపడును. కఱ్ఱను మొనవైపు సన్నముగా చిత్రిక పట్టునప్పుడును జరుగునది ఇదే. పొరలు కఱ్ఱ నిడివికి సమాంతరముగా నున్నవి. చిత్రిక వానిని ఒక్కొక్కటిగా ఏటవాలున తెగగోయును. తెగిన పొర కఱ్ఱ గుండ్రనముపై బాణపు ములికి ఆకారమున నిలుచును. ములికి కొన ఎల్లప్పుడును సన్నని మొనవైపునకే చూచును. కఱ్ఱను త్రిప్పి ప్రక్కలు చూచినచో అచ్చట బాణములు లేవు; నిలువు గీతలు మాత్రమే యుండును. అనగా ఒక్క కొయ్యయే రెండు ముఖముల బాణములను, రెండు ముఖముల గీతలను చూపును.

మా వారు అక్కడనే కాగితముపై లెక్క వేసిరి. మొననుండి మొదటివఱకు కఱ్ఱ వ్యాసార్ధము సుమారు 10 మిల్లీమీటర్లు పెరుగును. చెట్టు ఏటికి 2 మిల్లీమీటర్ల పొర వేసినదైనచో ఒక ముఖమున అయిదు బాణములు పడును. ఒక మిల్లీమీటరు పొర యైనచో పది. మొదటివైపు నల్లకొయ్య అతికియుండుటచే కొన్ని మఱుగుపడును. అనగా బాణముల సంఖ్య తెలుపునది ఆ చెట్టు ఏటి కెంత లావెక్కినదో అంతమాత్రమే. పదునేడువేల రూపాయల భేదము ఈ సంఖ్యకు! నాకు నవ్వు వచ్చినది. పిల్ల మొగము మాత్రము చిన్నబోయినది.

అంతటితో ఆగక ఆ వృద్ధుడు మఱియొక మాట చెప్పెను. యాషునందు పొరలు మితిమీఱి దగ్గఱగా నుండుట గుణము గాదు, లోపము కావచ్చునట. ఇది మాకు వింతగా దోచినది. మెల్లగా పెరిగిన కొయ్య గట్టిదని గదా లోకమునందలి వాడుక. కారణము విన్న పిమ్మట వింత పోయినది. ప్రతియేటను వసంతపు గొట్టముల వెడల్పు ఇంచుమించు ఒక్కటియే. చెట్టు బాగుగ పెరిగిన యేట అదనముగా వేయునది వేసవి గట్టికొయ్య. చెట్టు కృశించిన యేట ఆ గట్టికొయ్యయే కొఱత పడును. కావున మిక్కిలి సన్నని పొరలు గల యాష్ తునకలో గొట్టములే హెచ్చు, చేవ తక్కువ. అది తేలికగా నుండును, పెళుసుగా విఱుగును. దేవదారు జాతి మృదుకొయ్యలకు సాధారణముగా చెప్పు నియమమును యాషునకు అంటగట్టరాదు.

అట్లయిన చారలు చూడనే పనిలేదా? ఉన్నది. లెక్కించుటకు గాదు, వెంట పోవుటకు. కొయ్య తన నార నిడివిని వంగక నిలుచు శక్తి, నారకు అడ్డముగా నిలుచు శక్తికి పదిరెట్ల ప్రాంతము. నార కఱ్ఱ నిడివితోపాటు మొనవఱకు చక్కగా సాగినచో ఆ పదిరెట్ల బిగువు సంపూర్ణముగా ఆటగత్తె చేతికి దక్కును. నార ఏటవాలుగా నడచి ప్రక్కకు వెళ్లిపోయినచో, ఆ వెళ్లిన చోట కఱ్ఱ మెత్తబడును. బంతిని గట్టిగా పొడిచినప్పుడు అచ్చట అది వణకును. ఆ వణకునే ఆటగాండ్రు "కఱ్ఱ చచ్చుగా నున్న"దని చెప్పుదురు.

వాతావరణపు మాటయు దీనితోనే ముడివడి యున్నది. పచ్చికొయ్య పూర్తిగా ఎండునప్పుడు యాష్ నారకు అడ్డముగా, దిక్కునుబట్టి, నూటికి 5 మొదలు 8 పాళ్ల వఱకు కుంచించుకొనును. నిడివిని మాత్రము నూటికి పావు పాలు కూడ తగ్గదు. ఎండిన పిదప కూడ గాలిలోని తేమనుబట్టి ఇట్లే కొంచెము కొంచెముగా ఉబ్బుచు తగ్గుచుండును. నార తిన్నగా నున్నచో ఈ ఉబ్బుట తగ్గుట చుట్టును సమముగా జరిగి కఱ్ఱ వంగదు. నార మెలిదిరిగినచో ఒకవైపు లాగును, ఒకవైపు లాగదు. విశాఖ వంటి సముద్రతీరపు టూరిలో, చల్లని యంత్రము పెట్టిన ఆటశాలనుండి తేమగాలి వీచు ఇంటికి దినదినము తిరుగు కఱ్ఱ యొక్క వానకాలము గడుచుసరికి విల్లు కావచ్చును. మన యిండ్లలో శ్రావణమాసమున బిగుసుకొని మాఘమాసమున వదులగు తలుపును చూచినవారికి దీనిని వేఱుగ చెప్ప నక్కఱలేదు.

వృద్ధుడు ఆ రెండు కఱ్ఱలను తెప్పించి మా యెదుట నుంచెను. (కొనకుండ చూపించుటకు అంగడివాడు ఒప్పుకొన్నాడు, అతని మంచితనము కాదనరాదు.) ముందుగా ఖరీదైనదానిని ఒక కంటితో మొదటినుండి మొనకు చూచెను. తిన్నగానే యున్నది. బాణములు తొమ్మిది, ఒకదాని వెనుక నొకటి, ముగ్గు వేసినట్లు అందముగా నున్నవి. అప్పుడు ప్రక్కకు త్రిప్పి, గోటికొనతో ఒక నిలువు గీతను పట్టుకొని మొనవైపు సాగదీసెను. ఆ గీత మూడువంతులు వచ్చి, తుది వంతున మెల్లమెల్లగా వాలి కఱ్ఱ అంచు దాటి మఱుగయ్యెను. ప్రక్క గీతయు అంతే. తరువాత బాణముల ముఖమును వెలుతురునకు పట్టి చూపెను. అచ్చట గొట్టములు తెగిన చోట సన్నని నల్లని చిక్కులవంటి గుర్తులుండును. అవి పొర గుర్తులు గావు. నార నడచిన త్రోవయే అవి. అవి కూడ కఱ్ఱ నడితీరును విడిచి ఒకవైపునకు ఒరిగి యుండెను. చెట్టు మెలిదిరిగి పెరిగినదన్నమాట.

చౌకదానికి బాణములు నాలుగే. నడుమ దూరములు కూడ సరిసమానము గావు. ప్రక్క గీతలు మాత్రము పడుగుపోగులవలె మొనయందలి యిత్తడి పొన్నువఱకు వచ్చి ఆగినవి.

ఆయన అంతటితో తృప్తిపడలేదు. కఱ్ఱను రెండు వ్రేళ్లతో వ్రేలాడదీసి, మెటికతో తట్టి చెవి యొగ్గెను. నీళ్లకుండ కొనునప్పుడు మనము చేయు పని యిదే. ఒకే జాతి కొయ్యలో తునకకు తునకకు బిగువు నూటికి ఇరువది పాళ్ల వఱకు భేదించుట సహజము. ఆ భేదమును చారల లెక్క చెప్పదు. బిగువు గల తేలికకొయ్య తట్టినప్పుడు పైస్వరమున మ్రోగును. మన బొబ్బిలి వీణ చేయువారును ఒక్క పనసదుంగనుండి వీణ నంతయు తొలుతురు గదా. దుంగ యెట్టిదో యెఱుగుట వారికి మొదటి పని. వీణకును క్యూకఱ్ఱకును పోలిక యేమని యడుగవలదు. రెండును చేతికి వణకునే యందించునవి.

ఈ వణకు మాట వచ్చినది గనుక మా వారి లెక్క నొకటి చెప్పవలెను. కఱ్ఱమొనయందలి తోలుబిళ్ల బంతిని తాకియుండు కాలము సెకనులో వేయవ వంతునకు అటునిటు. కొయ్యలో ధ్వని సెకనునకు నాలుగైదువేల మీటర్ల వేగమున పోవును గనుక, ఆ దెబ్బ కఱ్ఱ మొదటికి పోయి మొనకు మరలివచ్చుటకు అంతకంటె తక్కువ కాలమే పట్టును. కాని దానిని మన చర్మము పట్టి మెదడునకు తెలుపుటకు వేయవ వంతులు పదుల సంఖ్యలో కావలెను. అనగా చేతికి తెలియునప్పటికి బంతి కఱ్ఱను విడిచి పోయినది! చేతి తెలివి ఆ దెబ్బను దిద్దలేదు. మఱి ఆటగాండ్రు ఈ "చేతి తెలివి"ని అంతగా నేల కోరుదురు? రాబోవు దెబ్బకు. వేయిసార్లు పొడిచిన పిదప, ఇట్టి వణకు వచ్చినప్పుడు బంతి ఇట్లు పోయెను అను జ్ఞాపకము చేతిలో చేరును. ఆ జ్ఞాపకము చెడకుండవలెనన్న కఱ్ఱ దినదినము ఒక్కతీరున పలుకవలెను. తిన్నని నారవలన కలుగు గొప్ప మేలు ఇదియే యని నా యభిప్రాయము. అది బంతిని తానుగా ఎక్కువ చక్కగా పంపునని నేను నమ్మను.

ఏలనన, కొయ్యకంటె కొలతకు బలము హెచ్చు. కఱ్ఱ బిగువు దాని అడ్డుకొలతకు నాలుగవ ఘాతముగా పెరుగును. మొనభాగమున తొమ్మిదిన్నర మిల్లీమీటర్లున్న దానిని పది చేసినచో, ఆ అర మిల్లీమీటరువలననే అచ్చటి బిగువు నూటికి 22 పాళ్లకు పైగా హెచ్చును. చిత్రిక పట్టువాడు రెండు గీతలు ఎక్కువ తీసినచో ఉత్తమమైన కొయ్యయు మెత్తనగును. దీనికి తోడు తోలుబిళ్ల మెత్తదనము, బరువు ఎక్కడ నిలుచునను తూకము గలవు. ఇన్నింటి నడుమ చారల సంఖ్యకు దక్కు స్థానము మిక్కిలి చిన్నది.

అయినను యాష్ చారలకు రెండు ప్రయోజనములు గలవు. వానిని దాచుట న్యాయము గాదు. ఆటగత్తె వంగి గడ్డమును కఱ్ఱకు ఆనించి చూచునప్పుడు, బాణపు ముఖమును పైకి పెట్టుకొన్నచో ఆ ములుకులు దృష్టిని మొనవైపు నడిపించును. ప్రతిమాఱును కఱ్ఱను ఒక్కతీరున పట్టుటకు కూడ అవి గుర్తులగును. కొందఱికి ఆ గీతలే కన్ను చెదరగొట్టును. అట్టివారు మేపులును కోరుదురు. రెండవది చేతి స్పర్శ. ఎడమచేతి వ్రేళ్లపై కఱ్ఱ ముందుకు వెనుకకు జాఱవలెను. యాషునందు వసంతపు గీత రవ్వంత పల్లము, వేసవి కొయ్య రవ్వంత మిట్ట. నునుపు సరిగా పట్టనిచో ఆ మిట్టపల్లములు చెమట చేతికి గఱుకుగా తగులును. అందులకై గొట్టములను నల్లని మెత్తతో పూడ్చి, అవిసెనూనె పట్టించి రుద్దుదురు. చారలను అంత నల్లగా కనుపఱచునది చాలవఱకు ఆ మెత్తయే! మెఱుగునకై దళసరి లక్క పూసిన కఱ్ఱలు అంగడిలో నిగనిగలాడును గాని, మన యెండకాలమున వ్రేళ్లకు అంటుకొని జాఱనీయవు. మేపుల్ సహజముగానే నునుపు. కాని దాని నార వంకర యైనను కంటికి పట్టుబడదు; యాష్ తన లోపమును తానే చెప్పుకొనును. ఈ గుణమొక్కటి చాలును, తెలియనివారు కొనునప్పుడు యాషునే కొనుట మేలని నేననుటకు.

కఱ్ఱ మొదటిభాగమున నల్లకొయ్యను నాలుగు పాయలుగా చెక్కి అతుకుదురు. అది బరువునకును అందమునకును. నల్లకొయ్య మన తుమికి చెట్టునకు జ్ఞాతి. వరాహమిహిరుని బృహత్సంహితలో శయ్యాసనముల లక్షణములు చెప్పు అధ్యాయము గలదు. మంచమునకు పీటకు పనికివచ్చు చెట్లలో తిందుకమును, అనగా తుమికిని, ఆయన చేర్చెను. కొయ్యయందలి రంధ్రములకు వాని ఆకారమునుబట్టి పేరులు పెట్టి ఫలములు చెప్పెను. ఆ ఫలములను నేడు ఎవరు నమ్మినను నమ్మకున్నను, కొయ్యను కొనుటకు ముందు తిప్పి తిప్పి చూడవలెనను శ్రద్ధ మాత్రము ఆ శ్లోకములలో నిండి యున్నది. మా తాతగారు నాకు ఆ గ్రంథము చెప్పినప్పుడు ఈ యధ్యాయము విసుగు పుట్టించినది; ఇప్పుడు మరల తీసి చదివితిని.

గొప్ప యాటగాండ్ర కఱ్ఱలు ఎట్టివి యని పిల్ల అడిగినది. జో డేవిస్ అను ఆంగ్లేయుడు 1927 మొదలు 1946 వఱకు ప్రపంచపు పోటీని 15 మాఱులు గెలిచెను. ఆయన 1923లో ఏడున్నర షిల్లింగులకు కొన్న కఱ్ఱతోనే తన జీవితమున చాలభాగము ఆడెనని చెప్పుదురు. స్టీఫెన్ హెండ్రీ అను స్కాట్లండు వాడు పదునాలుగేండ్ల ప్రాయమున 40 పౌనులకు కొన్న కఱ్ఱతో 1990 మొదలు 1999 లోపల ఏడు మాఱులు ప్రపంచ విజేత యయ్యెను. ఆ కఱ్ఱ 2003లో విమానప్రయాణమున విఱిగిపోయినది. అదే యేట మఱియొక కఱ్ఱతో బ్రిటిష్ ఓపెన్ పోటీ గెలిచినాడు. విఱిగినదానికై అతడెంత దుఃఖించెనో మనకు తెలియదు గాని, పిల్ల ఈ కథ విని కొంతసేపు మౌనముగా కూర్చున్నది.

తుదకు చౌకకఱ్ఱనే తీసికొని ఒక గంటసేపు ఆడి చూచెను. దూరపు బంతులు పొడిచినప్పుడు "దొడ్డమ్మా, ఇది చేతిలో నిలుచుచున్న"దనెను. ఖరీదైనదానితో కూడ ఆడి, మెత్తని దెబ్బలకు అదియే హాయిగా నున్నదనెను. ఆ మాటయు నిజమే కావచ్చును, మెత్తని కఱ్ఱను కోరు ఆటగాండ్రును గలరు. కాని వానకాలమున అది వంగునను భయము అందఱకును పట్టుకొన్నది. పదునొకండువేలు చెల్లించిరి. మిగిలిన పైకములో పోటీ రుసుము, రైలుబత్తెము పోగా, బీరువాలో తగిలించుటకు గుడ్డసంచి యొకటి నేను కుట్టి యిచ్చితిని. పిల్లతో ప్రయాణమైనది ఎవరనుకొన్నారు? ఆ నాయనమ్మయే. పిల్ల నొంటరిగా పంపుట ఆమెకు సమ్మతము గాదు. పోటీ అయిన మూడు దినములును ఆటశాలలో ముందువరుసను కూర్చుండెనట.

ఇట్టి కఱ్ఱను గోడకు ఏటవాలుగా ఆన్చి నిలబెట్టరాదు. తన బరువునకు తానే వంగును. ఎండ తగులు కిటికీయొద్దను, వంటయింటి ఆవిరి తగులు చోటను ఉంచరాదు. ఆడిన పిదప తడిబట్టతో గాక, పిండి ఆరబెట్టిన బట్టతో తుడిచి, వెంటనే పొడిబట్టతో ఒత్తవలెను. ఏటికి రెండు మాఱులు అవిసెనూనె చుక్కలు వేసి అరచేతితో వేడి పుట్టునట్లు రుద్దిన చాలును. నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడవేయవలదు. అవిసెనూనె గుడ్డలు తమంతట తామే వేడెక్కి అంటుకొనుట కలదు.

ఈ చారల చెట్టునకు ఇప్పుడు గడ్డుకాలము వచ్చి యున్నది. 1992లో పోలండునందు యాష్ చెట్లు కొమ్మలనుండి ఎండిపోవుట మొదటిసారి చూచిరి. అది యొక బూజుతెగులు. 2012లో ఇంగ్లండున బయటపడినది. అమెరికాలో 2002లో మిషిగను రాష్ట్రమున ఒక పచ్చని పురుగు కనుపడి, బెరడు క్రింద తొలిచి కోట్లకొలది యాష్ చెట్లను చంపినది. చచ్చిన చెట్టు కొయ్య త్వరగా పెళుసగును. కఱ్ఱకు తగిన తిన్నని దుంగ దొరకుట మఱింత కష్టమగును. ఇది చెప్పగా విని వృద్ధుడు ఆశ్చర్యపడలేదు. కొన్నేండ్లుగా తనయొద్దకు మేపుల్ కఱ్ఱలే హెచ్చుగా వచ్చుచున్నవనెను. "చారలు కనుపడని కొయ్యకు నార యెట్లు చూతువయ్యా?" యని నేనడిగితిని. ఆయన లేచి, మూలనున్న చిత్రిక పట్టని మేపుల్ పలకనొకటి తెచ్చి, వ్రేలిని నీట ముంచి దానిపై అడ్డముగా తడి గీసెను. ఆ తడి క్రింద సన్నని చారలు లేచి, మేము చూచుచుండగనే ఆరి మాయమయ్యెను.